ఊబిలో దిగిన పక్షుల పండితుడు

సముద్రపు ఒడ్డున మడ అడవిలో ముప్పై ఏళ్లుగా పడవ నడుపుతున్న పిన్నికి చదువు రాదు. కానీ ఏ పిట్ట ఎక్కడ గుడ్లు పెడుతుందో కళ్లు మూసుకుని చెబుతుంది. మొన్న ఒక పక్షుల పండితుడు మెడలో మూరెడు కెమెరాతో పడవెక్కి, దారి పొడవునా ఆమెకే పాఠం చెప్పాడు. కొంగల గుంపు కనబడగానే లేచాడు.

"దిగకండి బాబూ, అది ఊబి," అంది పిన్ని.

"నాకా చెబుతున్నావు? పక్షుల మీద పుస్తకమే రాశాను!" అంటూ దూకి, నడుం దాకా కూరుకుపోయాడు. ఆ కేకలకు కొంగలన్నీ ఎగిరిపోయాయి. పిన్నే గెడ అందించి లాగింది.

ఒడ్డు చేరాక ఆ మహానుభావుడు సందర్శకుల పుస్తకంలో, "పడవ మనిషికి పక్షుల గురించి ఏమీ తెలియదు" అని రాసిపోయాడు.

అది చదివించుకుని పిన్ని నవ్వింది. "ఆ కొంగలే నయం. కాలు పెట్టే ముందు చూసుకుంటాయి."