కృష్ణానగర్ షట్టర్ మీద మా తమ్ముడి పేరు

హైదరాబాదుకి చాలామంది చార్మినార్ చూడ్డానికో, ఆసుపత్రి పనికో వెళ్తారు. నేను మా తమ్ముడి మీద కోపంతో వెళ్లాను. జోసెఫ్‌కి ముప్పై ఏళ్లు. ఏలూరు నుంచి వెళ్లి తొమ్మిదేళ్లుగా సినిమావాళ్లుండే కృష్ణానగర్‌లో గది అద్దెకు తీసుకుని, సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలు వేస్తున్నాడు. ఆదివారాలు అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బుకి ఫార్వర్డ్‌గా ఆడతాడు. ఆమధ్య ఫోన్ చేసి, "అక్కా, ఆదివారం ఫైనల్. నన్ను టీములోంచి తీసేస్తారేమో" అన్నాడు. ఎందుకురా అంటే, "బంతికి తల పెట్టడం లేదంట" అని గొణిగాడు. నాకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు పెరట్లో దండేనికి బంతి వేలాడదీసుకుని పొద్దస్తమానం నుదుటితో గుద్దినవాడు వీడు. ఆ బంతి తగిలి కిందపడ్డ బట్టల్ని మళ్లీ ఉతికినదాన్ని నేను. ఏలూరులో వాడికి పేరు తెచ్చిందే ఆ తల.

శనివారం రాత్రి రైలెక్కితే ఆదివారం ఉదయం ఆరున్నరకి సికింద్రాబాదులో దిగాను. ఆదివారాలు మెట్రో ఏడింటికి గాని మొదలు కాదని తెలియక, మూసి ఉన్న గేటు ముందు బ్యాగు పట్టుకుని నిలబడ్డాను. స్టేషను బయట టీ తాగి వచ్చేసరికి తెరిచారు. సికింద్రాబాద్ ఈస్ట్‌లో ఎక్కితే యూసుఫ్‌గూడకి నేరుగా అరగంట, ఎక్కడా మారే పని లేదు. అక్కడి నుంచి కృష్ణానగర్ సందుల్లోకి నడిచే వెళ్లొచ్చు. పొద్దున్నే ఒక మేడ మీద విగ్గులు ఆరేసి ఉన్నాయి. దాని కింద బండి దగ్గర నలభై రూపాయలకి నాలుగు ఇడ్లీలు, అల్లం చట్నీ. నా పక్కన నిలబడి తింటున్నాయన ఇన్‌స్పెక్టర్ యూనిఫాంలో ఉన్నాడు, కాళ్లకి మాత్రం హవాయి చెప్పులు.

జోసెఫ్ చర్చి నుంచి తెల్లచొక్కాతో నేరుగా వచ్చి నన్ను ఒక షాపు షట్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. అది సినిమా డ్రెస్సులు అద్దెకిచ్చే షాపు. ఆదివారం సెలవు. ఆ రోజు ఆడబోయే పదకొండుమంది పేర్లు కెప్టెన్ దాని షట్టర్ మీద సుద్దముక్కతో రాస్తాడు. ఇక అభిమానుల వంతు. ఎవరి పేరైనా వద్దనుకుంటే చేత్తో చెరిపెయ్యొచ్చు. కానీ ఆ ఆటగాడి మొహం చూస్తూ కారణం చెప్పాలి. తర్వాత తన మాట తప్పని తేలితే ఆ పేరు తనే మళ్లీ రాయాలి. ఇన్ని ఊళ్లు తిరిగాను, జట్టుని ఇంత బాహాటంగా ఎంచుకోవడం ఎక్కడా చూడలేదు.

తొమ్మిదిన్నరకి పాతికమంది పోగయ్యారు. గోల్‌కీపర్ గురించి పది నిమిషాలు, మధ్యలో ఆడే ఇద్దరి గురించి పావుగంట వాదించుకున్నారు. తర్వాత మావాడి పేరు వచ్చింది. వాడి తరఫున లేచినవాడు ఆటో నడిపే యాదగిరి.

"గీడ ఎడమ కాలుతోని గట్ల కొట్టేటోడు ఇంకెవడున్నడు చెప్పుండ్రి. బాల్ వంగి వంగి పోతది. గసుంటోన్ని తీసేస్తే గోల్ ఎవడు కొడ్తడు?"

ఎదురుగా నిలబడ్డది మేకప్‌మేన్ సాంబయ్య. తెనాలి మనిషి, అరవై దగ్గరపడ్డాయి, ముంజేతి మీద ఇంకా పౌడరు మరకలున్నాయి. "కాలు సంగతి సరేనయ్యా. ఆరు వారాల్నించి చూస్తున్నాను, బంతి గాల్లో వస్తే తల వంచేస్తున్నాడు. ఇవాళ ఆడేది బంజారా హిల్స్ ఆఫీసు కుర్రాళ్లతో, ఒక్కొక్కడు ఆరడుగులు. భయపడేవాడు పనికిరాడు."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. "మా వాడికి భయమా? ఏలూరు వచ్చి అడగండి" అన్నాను. పాతికమందీ నావైపు తిరిగారు. సాంబయ్య జోసెఫ్ కళ్లలోకి చూస్తూ, "భయపడుతున్నావు, అందుకే చెరుపుతున్నాను" అని అరచేత్తో వాడి పేరు తుడిచేశాడు. కెప్టెన్ జోసెఫ్ పేరుని అడుగున సబ్‌స్టిట్యూట్లలో రాసి గొడవ ముగించాడు.

అప్పుడు సాంబయ్య చేసిన పనికి నాకు మతిపోయింది. నా దగ్గరికొచ్చి, "అమ్మా, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. జోసెఫ్, అక్కని తీసుకురా" అన్నాడు. వెళ్లకూడదనుకున్నాను గానీ యాదగిరి ఆటో స్టార్ట్ చేసేశాడు. చెక్‌పోస్ట్ దాటి జూబ్లీహిల్స్ మీదుగా ఫిల్మ్‌నగర్‌కి ఇరవై నిమిషాలు. యాప్‌లో అయితే నూటపాతిక దాకా అవుతుందట, యాదగిరి నా దగ్గర పైసా తీసుకోకుండా దింపి వెళ్లిపోయాడు. పైన రోడ్డుకి రెండువైపులా గేట్లే కనపడతాయి, ఇళ్లు కనపడవు. కొండ దిగువన ఫిల్మ్‌నగర్ బస్తీలో ఇళ్లే కనపడతాయి, గేట్లు ఉండవు. సాంబయ్యది అక్కడ రెండు గదుల ఇల్లు.

ఆయన భార్య చేపల పులుసు వడ్డిస్తుంటే సాంబయ్య అసలు సంగతి చెప్పాడు. జోసెఫ్‌కి మొదటిసారి మాటలున్న వేషం దొరికింది. ఇప్పించింది ఆయనే. ఆ సీను ఆరు వారాలుగా ముక్కలు ముక్కలుగా తీస్తున్నారు, ఆఖరి ముక్క సోమవారం. "ఎన్ని రోజులు తీసినా తెర మీద అదంతా ఒకే రోజమ్మా. మొదటిరోజు మొహం ఎలా ఉందో ఆఖరిరోజూ అలాగే ఉండాలి. దాన్నే మేం కంటిన్యుటీ అంటాం. చిన్న గాటు పడ్డా వీణ్ణి తీసేసి ఇంకొకడితో మళ్లీ తీసుకుంటారు. అందుకే ఆడుకో గానీ తల పెట్టకురా అని ఒట్టు వేయించుకున్నాను."

"అయితే పదిమందిలో భయస్తుడని ఎందుకన్నారు?"

"భయం అంటే ఇంకెవరూ ఏమీ అడగరమ్మా. ఇవాళ్టికి వీడు ఆడకుండా ఉంటే చాలనుకున్నాను."

నేను జోసెఫ్ వైపు తిరిగాను. "నువ్వయినా చెప్పొచ్చుగా."

"రెండుసార్లు చెప్పానక్కా, వేషం వచ్చిందని. రెండుసార్లూ అందరూ టికెట్లు కొనుక్కుని వెళ్లారు. రెండుసార్లూ ఎడిటింగ్‌లో నేను లేను. మూడోసారి చెప్పే మొహం లేదు."

నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. పులుసు మాత్రం రెండోసారి వడ్డించుకున్నాను.

మ్యాచ్ మూడున్నరకి, మోతీనగర్ దగ్గర ఒక మట్టి గ్రౌండులో. టికెట్ లేదు, నీడా లేదు, కాబట్టి గొడుగు తీసుకెళ్లండి. బంజారా హిల్స్ వాళ్లు ముందు గోలు కొట్టారు, మనవాళ్లు విరామానికి ముందు సమం చేశారు. ఇంకో పది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా మన ఫార్వర్డ్ పిక్క పట్టేసి కూలబడ్డాడు. కెప్టెన్ బెంచీ వైపు చెయ్యి ఊపాడు. జోసెఫ్ బూట్ల తాళ్లు బిగించుకుంటూ సాంబయ్య వైపు చూశాడు. ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. వాడు నావైపు చూశాడు. ఆడమంటే తొమ్మిదేళ్ల కష్టం పోవచ్చు, వద్దంటే ఆ భయస్తుడన్న మాట వాడి మీద ఉండిపోతుంది.

"నీ తల, నీ ఇష్టం" అన్నాను.

చివరి నిమిషంలో కార్నర్ వచ్చింది. బంతి గాల్లోకి లేవగానే నాకు పెరట్లో దండెం గుర్తొచ్చింది. ఇద్దరు ఆరడుగులవాళ్ల మధ్య నుంచి మా జోసెఫ్ లేచాడు. నుదుటితో గుద్దిన చప్పుడు గట్టు మీద మాకు వినపడింది. బంతి వలలో పడింది, వాడు నేల మీద పడ్డాడు. యాదగిరి నన్ను భుజాలు పట్టి ఊపేస్తున్నాడు. గ్రౌండులోకి అందరికంటే ముందు పరిగెత్తింది సాంబయ్య, చేతిలో మేకప్ పెట్టెతో.

ఎడమ కనుబొమ్మ చిట్లింది. ఆయన దూదితో రక్తం తుడిచి, గడ్డం పట్టుకుని మొహం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఒట్టు తప్పావురా" అన్నాడు. ఇంకోసారి తుడిచి, "బాగా తప్పావు" అన్నాడు. అప్పటికే ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. పక్కవీధి క్లినిక్‌లో కుట్లు అక్కర్లేదన్నారు.

సోమవారం పొద్దున ఆరింటికి ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ జరిగే ఇంటి బయట నేనూ, రాత్రే సంగతంతా విన్న యాదగిరీ ఆటోలో కూర్చున్నాం. లోపల సాంబయ్య గంటన్నర ఆ కనుబొమ్మ మీద పనిచేశాడట. అసిస్టెంట్ డైరెక్టర్ ఫోన్‌లో పాత ఫొటో పెట్టుకుని, మొహం కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, "ఓకే, లైటింగ్‌కి పంపండి" అన్నాడట. ఆ మాట చెప్పడానికి సాంబయ్య గేటు దాకా వచ్చాడు. యాదగిరి ఆయన్ని అమాంతం ఎత్తేశాడు. "ఏందన్నా, ఇన్ని దినాలు మాకు చెప్పకపోతివి. తెలిస్తే నేను సుత నీతోనే ఉండేటోణ్ణి" అన్నాడు. మధ్యాహ్నం రైల్లో నేను ఏలూరు దాకా నవ్వుకుంటూనే వచ్చాను.

ఆ వేషం తెర మీద ఉంటుందో ఉండదో నాకు తెలియదు, ఎడిటింగ్ మన చేతిలో లేదు. కానీ మా తమ్ముడు తొమ్మిదేళ్లుగా ఒంటరిగా అవస్థ పడుతున్నాడని నేను అనుకునేదాన్ని. వాడి పేరు తుడిచిన చెయ్యీ వాడి మనిషిదే, వాడి కోసం వాదించిన గొంతూ వాడి మనిషిదేనని వెళ్లి చూస్తే గాని అర్థం కాలేదు. మీరూ వెళ్తే ఒకటే సలహా: ఆదివారం మెట్రో ఏడింటికి మొదలవుతుంది, షట్టర్ దగ్గర వాదన తొమ్మిదిన్నరకి, మధ్యలో ఇడ్లీకి సరిపడా టైముంది. పోయిన ఆదివారం యాదగిరి నాకొక ఫొటో పంపాడు. షట్టర్ మీద అన్నిటికంటే పైన, సాంబయ్య గుండ్రటి అక్షరాల్లో జోసెఫ్ పేరు. దాని పక్కన ఇంకెవరో గీకిన రెండు మాటలు: "తలతో సహా."