ఎంతుందిరా?

బుద్ధుణ్ణీ సైన్సునీ ఒకే కొండ మీద కూర్చోబెట్టిన మహాగాథ చెబుతాను, వినండి. నిజానికి అంత లేదు. ఒక రిటైరైన ఫిజిక్స్ మాస్టారు, ఆయన వేలికి తగిలించుకునే పల్స్ మీటరు, అంతే.

ఆదివారాలు విజయనగరం నుంచి నా స్కూటర్ మీద రామతీర్థం వెళ్ళేవాళ్ళం. కొండ మీద పాత బౌద్ధారామం ఇటుకల పక్కన ఆయన కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చునేవారు. మధ్యమధ్య "ఎంతుందిరా?" అనేవారు. నేను మీటరు చూసి గుండె వేగం చెప్పాలి.

"మీరే సూసుకోవచ్చు గదా మాస్టారూ?"

"కళ్ళు తెరిస్తే ధ్యానం సెడిపోద్ది. ప్రయోగానికి పక్కన మనిషుండాల."

"బుద్ధుడు ఒక్కడే కూకున్నాడు గదా?"

"ఆయన దగ్గర మీటరు లేదురా."

ఒకసారి ఫోనొస్తే మెట్ల దాకా వెళ్ళి మాట్లాడి వచ్చాను. అప్పటిదాకా డెబ్బై ఉన్న అంకె వంద దాటింది.

"ఎల్లిపోయావనుకున్నాన్రా," అన్నారు కళ్ళు తెరవకుండానే. "ఎంతుంది?"

"డెబ్బయ్యే మాస్టారూ."

సైన్సులో దాన్ని దొంగ రీడింగు అంటారు. కాసేపటికి అంకె నిజంగానే డెబ్బైకి దిగింది.

నాకు వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చాక ఆయన బస్సులో ఒక్కరే వెళ్తున్నారట. అంకె చెప్పేవాళ్ళు లేరు. మీటరులోంచి వేలు తీసేస్తే అది దానంతటదే ఆరిపోతుంది. సెల్స్ ఆదా అవుతాయి.