సోమలింగానికి పెద్దక్షరాల గండం

సూరత్‌లోని ఉన్ బస్తీలో ఉత్త సోమలింగం అంటే ఎవరూ చెప్పలేరు గాని, ఆదివారం చదివే సోమలింగం అంటే చెయ్యి పట్టుకుని ఇంటి దాకా తీసుకెళ్తారు. సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి ముప్పై ఏళ్లు మరమగ్గాలు నడిపాడు. చూపు మందగించాక షేటు అతన్ని బట్ట మడతపెట్టే పనికి మార్చాడు. అక్కడా మొనగాడే! బట్ట మీద అరచెయ్యి పోనిచ్చి, ఎక్కడ పోగు తప్పిందో చెప్పేస్తాడు.

భార్య స్వరాజ్యానికి చదువు రాదు. ఇంట్లోనే బాబిన్లకు నూలు చుడుతుంది. పోగు తెగితే ఎడమచేత్తో రెప్పపాటులో ముడి వేస్తుంది. పెళ్లైన కొత్తలో ఓ ఆదివారం ఆయన నవల చదివి వినిపించాడు. అంతే, ఆ రుచి మరిగింది. కూర లేకపోయినా సర్దుకుంటుంది గాని, ఆదివారం మధ్యాహ్నం నవల లేకపోతే ఊరుకోదు.

కూతురు హారతి చీరల మార్కెట్‌లో కంప్యూటర్ పని చేస్తుంది. తండ్రి పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకోవడం చూడలేక, పుస్తకాలు చదవడానికే చేసిన ఈ-రీడర్ కొంటానంది.

"అక్షరాలు ఎంత గావాలంటే గంత పెద్దగ చేస్కోవచ్చు బాపూ. ఫోన్ లెక్క కండ్లు మండయి."

"నాకెందుకే గదంత? నా కండ్లకేమైంది? మంచిగనే చదువుతున్న గద!" సోమలింగం గయ్యిమన్నాడు.

మంచిగా చదువుతున్నాడట, మహానుభావుడు! అద్దాలు రెండుసార్లు మార్చినా ఇప్పుడు చదివే పాత నవల్లో అక్షరాలు చీమల బారుల్లాగే ఉన్నాయి. ఏడాదిగా పుస్తకం ఒళ్లో పెట్టుకుని, పేజీలు తిప్పుతూ, కథంతా సొంతంగా కల్పించి చెబుతున్నాడు. చూపు ఆనడం లేదని ఒప్పుకుంటే ఆదివారాలు ఆగిపోతాయని భయం. ఆ గంట కోసమే వారమంతా బతుకుతున్నాడు పాపం. ఇప్పుడు అక్షరాలు పెద్దవై ఉన్నదున్నట్టు చదవాల్సి వస్తే, పుస్తకంలో ఉన్నదొకటి, తాను చెప్పిందొకటి అని స్వరాజ్యానికి తెలిసిపోదూ?

హారతి ఊరుకునే రకమా? కొనేముందు చూద్దామని దోస్తు సంగీత దగ్గర ఒకటి అడిగి తెచ్చింది. తల్లి వింటున్న నవలనే అందులో ఎక్కించి, ఆదివారం బాపు చేతిలో పెట్టింది. సోమలింగం అలవాటు కొద్దీ దాని మీద అరచెయ్యి పోనిచ్చాడు. పేజీలు టకటకా మారిపోయాయి.

"అయ్యో, అది బట్ట గాదు బాపూ!" హారతి పడీ పడీ నవ్వింది. వెనక్కి తిప్పి, అక్షరాలు పెంచి ఇచ్చింది.

ఒక్కో అక్షరం శనగగింజంత! సోమలింగానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్నాళ్లయింది అచ్చును ఇలా చూసి! ఆ సంబరంలో ముందూ వెనకా చూసుకోకుండా గొంతెత్తి చదివేశాడు. జమీందారు బిడ్డ మద్రాసులో వీణ నేర్చుకుంటోంది. పోయిన వారమేగా తన కథలో ఆమెను కార్ఖానాకు తీసుకుపోయి, తెగిన పోగుకు ముడి వేయించాడు! గతుక్కుమని ఆగిపోయాడు.

"ఆగినవేంది?" అంది స్వరాజ్యం బాబిన్ పక్కన పెట్టి.

"స్వరాజ్యం... ఏడాది సంది నేను చదువుతలేను. కండ్లు ఆనుతలేవు. అన్నీ నేను కల్పించినయే."

"నాకెర్కే."

"ఎర్కనా! ఎట్ల?"

"జమీందారు బిడ్డకు పోగు ముడేసుడు ఎట్లొస్తదయ్యా? అదీ ఎడమచేత్తోని, నా లెక్క!"

సోమలింగం సిగ్గుతో మెడ గోక్కున్నాడు. "మరి చెప్పకపోతివేందే?"

"చెప్తే నువ్వు ఆపేస్తవని."

హారతి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఇంతకీ కొనాల్నా, వద్దా?"

"కొను బిడ్డా. మీ బాపు కండ్లు ఎట్ల మెరుస్తున్నయో సూడు." స్వరాజ్యం మొగుడి చేతిలోంచి ఆ ఈ-రీడర్ తీసుకుని పదిలంగా పాత చీర ముక్కలో చుట్టి అరలో పెట్టింది. తిరిగొచ్చి ఆయన పక్కనే కూర్చుంది. "గా వీణ పిల్ల ముచ్చట వచ్చే వారం చదువు. ఇయ్యాల, ముడేసినంక నా పిల్ల ఏం జేసిందో చెప్పు."