నడిమి పెడల్

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు వేసవిలో, షాద్‌నగర్ అవతల ఒక ప్రైవేటు టెస్ట్ ట్రాక్‌లో నన్ను బ్రేకుల విభాగానికి టెస్ట్ ఇంజనీరుగా వేశారు. అప్పటికి పాపకు ఏడు నెలలు. రెండో కాన్పు తర్వాత ఆ ఉద్యోగం మానేశాను. అక్కడ రాసిన ఒక రిపోర్టు విషయంలో కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.

ఒక ఆసామి తన పాతకాలపు రేసు కారును, కొత్తగా కొన్న స్పోర్ట్స్ కారును పోల్చి చూపమని తెచ్చాడు. కొత్తదానికి నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏబీఎస్. పాతదానికి డ్రమ్ము బ్రేకులు, సన్నటి టైర్లు. సీటు బెల్టే లేదు. ఇవి ఎవరికైనా కనిపించే తేడాలు. అసలు తేడా కాళ్ల దగ్గర ఉంది. ఆ పాత కారులో, మామూలుగా బ్రేకు ఉండే మధ్యలో ఎక్సలేటరు, కుడి చివర బ్రేకు ఉన్నాయి.

మా డ్రైవర్ శ్రీశైలంది జడ్చర్ల. మావైపు డ్రైవర్లందరిలాగే ఎక్సలేటరును 'రేసు' అంటాడు. వంగి చూసి మా ట్రాక్ మేనేజరుతో, "నడిమిట్ల రేసు పెట్టిండ్రేంది సార్? కాలికెట్ల తెలుస్తది?" అన్నాడు.

"రేసు కారు గదనే, రేసు ఏడుంటే ఏంది?" అని మేనేజరు నవ్వాడు. "కొత్త పెండ్లికొడుకు లెక్క సిగ్గుపడకు, ఎక్కు."

అలవాటు లేని బండిని ముందు పది చుట్లు నెమ్మదిగా తిప్పాలని నియమం. అవి పూర్తయ్యాకే టెస్ట్ ఇంజనీరు అనుమతి కార్డు మీద సంతకం చేయాలి. ఆసామి చుట్టాలు ఎండలో నిలబడ్డారని మేనేజరు ఆ చుట్లు రద్దు చేశాడు. నేను కుదరదన్నాను. "ఇంట్ల పాప ఏడుస్తుంటది మేడం, మీకే తొందరుండాలె" అన్నాడు. నేను సంతకం చేశాను.

గంటకు ఎనభై కిలోమీటర్ల వేగంతో వచ్చి తెల్లగీత దగ్గర బ్రేకు వేయాలి. శ్రీశైలం కొత్త కారును నాలుగుసార్లు చక్కగా ఆపాడు. వెంటనే దిగి పాతది ఎక్కాడు. గీత దగ్గర అతని కాలు మధ్య పెడల్ మీదికే పోయింది. ఇంజన్ గర్జించింది. కారు ట్రాక్ పక్కన పోసిన ఇసుక దాటి, అడ్డంగా పేర్చిన టైర్ల గోడను గుద్దింది. అతని కుడి మణికట్టు విరిగింది.

దవాఖానకు తీసుకుపోతుంటే దారి పొడుగునా ఒకటే మాట: "నేను బ్రేకే తొక్కిన మేడం. ఒట్టు."

సాయంత్రం మేనేజరు రిపోర్టులో 'కారణం' అన్న గడి చూపించి, డ్రైవర్ తప్పిదమని రాయమన్నాడు. ఆ రెండు మాటలు పడితే శ్రీశైలం ట్రాక్ లైసెన్సు రద్దవుతుంది, ఉద్యోగం పోతుంది. "ఏడనో లారీ తోలుకుంటడు, మనకెందుకు ఫికర్?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పెడళ్ల అమరిక వేరు, అలవాటు చుట్లు మేనేజరు రద్దు చేశారు అని రాశాను.

"కార్డు మీద మీ సంతకం గూడ ఉన్నది, యాది పెట్టుకోండ్రి" అని బెదిరించాడు.

అది కూడా రాశాను.

శ్రీశైలం లైసెన్సు నిలిచింది. నాకు మెమో వచ్చింది. మేనేజరును ఎవరూ ఏమీ అడగలేదు.

రెండు కార్లను పోల్చేటప్పుడు ముందు పెడళ్ల వరుస చూడాలి. ఏళ్ల తరబడి బ్రేకు ఉన్నచోట కాలు పెట్టిన మనిషిది తప్పు కాదు. చుట్లు తిప్పించకుండా అతన్ని ఎక్కించినవాళ్లది తప్పు. ఆ రోజు అలాంటివాళ్లం ఇద్దరం ఉన్నాం.