మా వంశంలోనే లేదన్న మాట

మా అక్క మొగుడు గడియారాలు బాగుచేస్తాడు. బావ కాబట్టి వెక్కిరించే హక్కు నాకుంది గానీ, ఆయన పనికి మాత్రం వంక పెట్టలేను. వెంట్రుకంత స్ప్రింగు బిగించేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టేవాడు. అలా ముప్పయ్యేళ్ళు చేశాడు.

యాభై దాటాక కీళ్ళవాతం వచ్చి వేళ్ళు అల్లం కొమ్ముల్లా ఉబ్బాయి. పట్టకారు చేతిలో నిలవలేదు. స్టెరాయిడ్ మాత్రలు మింగినా అంతంతమాత్రమే. చివరికి డాక్టరమ్మ ఇంజెక్షన్ మాట ఎత్తింది.

"ఒంటిని కాపాడాల్సిన శక్తే మీ కీళ్ళ మీద పడింది. ఈ మందు దాన్ని అణుస్తుంది. కానీ పాత టీబీ క్రిమి లోపల నక్కి ఉంటే లేచి కూర్చుంటుంది. మీ పరీక్షల్లో ఏమీ లేదు. స్టెరాయిడ్ వాడేవాళ్ళలో అవి ఒక్కోసారి తప్పుతాయి, అందుకే అడుగుతున్నా. మీ ఇంట్లో ఎప్పుడైనా ఎవరికైనా వచ్చిందా?"

"అబ్బే, మా వంశంలోనే లేదండీ!"

ఇంటి సంగతి అడిగితే వంశానికే పూచీ పడ్డాడు మహానుభావుడు. అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. ఆయన అక్కగారికి పెళ్ళికి ముందు టీబీ వచ్చి తగ్గింది. అప్పుడు పదేళ్ళ బావ ఆవిడ పక్కలోనే పడుకునేవాడు. సంబంధాలు చెడిపోతాయని వాళ్ళమ్మ పిల్లలచేత ఒట్టు వేయించుకుంది.

ఇంజెక్షన్లు భేషుగ్గా పనిచేశాయి. రెండు నెలల్లో బావ మళ్ళీ స్ప్రింగులు బిగించాడు. ఐదో నెలలో దగ్గు, సాయంత్రమయ్యేసరికి జ్వరం. "ఊపిరి బిగబట్టే పనిరా ఇది. ఛాతీ పట్టక ఏం చేస్తుంది?" అని కొట్టిపారేశాడు. పది కిలోలు తగ్గాక గానీ ఆస్పత్రికి పదమన్న నా మాట చెవికెక్కలేదు. అప్పటికే టీబీ రెండు ఊపిరితిత్తులకీ పాకింది. ఇంజెక్షన్ ఆపేశారు. వేళ్ళు మళ్ళీ మొరాయించాయి.

బావ వాళ్ళ అక్కగారు భర్తతో కలిసి ఆస్పత్రికి వచ్చింది. వాళ్ళ ఎదుటే డాక్టరమ్మ పాత ప్రశ్న మళ్ళీ అడిగింది. బావ గోడవైపు తిరిగాడు. ఆవిడే నోరు విప్పింది.

"నాకొచ్చిందమ్మా, పెళ్ళికి ముందు. వీడు నా పక్కలోనే పడుకునేవాడు."

భర్త మొహం చూడలేక తల దించుకుంది. ఆయన నెమ్మదిగా కళ్ళజోడు తీశాడు.

"నాకు తెలుసు. పెళ్ళికి ముందే మీ నాన్న చెప్పాడు. నువ్వు చిన్నబుచ్చుకుంటావని నేనెప్పుడూ ఆ మాట ఎత్తలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. నలభై ఏళ్ళు! ఎవరిని తిట్టాలో తెలియలేదు.

బావ పిడికిలి బిగించబోయాడు. వేళ్ళు సగంలోనే ఆగిపోయాయి.

"మరి నేనెవరి దగ్గర దాచానక్కా?" అన్నాడు.