ఉత్తి మాత్ర

పూరీ గేట్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు చెల్లెమ్మ దేనికైనా "ఠీక్ హై" అనేది. అలా అంటూ అరచెయ్యి పొట్ట మీద ఆన్చుకునేది. గోధుమ తింటే చిన్నపేగు లోపలి పొర దెబ్బతినే జబ్బు ఆమెది. బడికెళ్ళే కూతురికీ అదే వచ్చింది.

ఆ హాని ఆపుతుందేమోనని ఒక కొత్త మాత్రను కోల్‌కతాలో పరీక్షిస్తుంటే తన పేరిచ్చింది. అందులో చేరినవాళ్ళంతా రోజూ గోధుమ బిస్కెట్ తినాలి. కొందరికి అసలు మాత్ర, కొందరికి మందు లేని మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది వెళ్ళిందో డాక్టర్లకూ తెలియదు.

కొద్ది రోజులకే ఆమె నొప్పితో మెలికలు తిరిగింది.

"మానెయ్యమ్మా. ఎప్పుడైనా మానెయ్యొచ్చని వాళ్ళే చెప్పారుగా," అన్నాను.

"నాకు ఉత్తి మాత్రే పడినట్టుంది అన్నియ్యా. ఉత్తిది మింగినోల్ల నొప్పి తెలీకపోతే, అసలుది పన్చేసిందని ఏటి సూసి సెప్తారు? లెక్కలోడివి కదా, నువ్వే సెప్పు."

ఆ లెక్కలో తప్పు పట్టలేకపోయాను.

"మా పిల్ల ఒక్క పుట్టినరోజుకైనా అందరితోపాటు కేకు తినాల," అంది. పరీక్ష చివరిదాకా ఆ బిస్కెట్లు తిన్నది.

చాలా నెలలకు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఆ మందు పనిచెయ్యలేదట. ఆమె మింగింది అసలు మాత్రేనట.

గుమ్మంలో కూతురు మరమరాలు తింటోంది. చెల్లెమ్మ పక్కన కూర్చుని, "ఠీక్ హై" అంది. ఈసారి ఆమె చెయ్యి పిల్ల పొట్ట మీద ఉంది.