తగ్గేక వెళ్దువుగాని

నర్సీపట్నంలో వెంకటరత్నమ్మగారికి తెలియకుండా యముడైనా వీధిలో అడుగు పెట్టలేడు. పెట్టాడే అనుకోండి, ముందు ఆవిడ అరుగు దగ్గర ఆగి, ఎవరింటికి, ఏ పనిమీద, భోజనం చేసి వచ్చాడా లేదా, అన్నీ చెప్పుకుని మరీ కదలాలి. ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సంజాయిషీ అడగడం అలవాటు.

అలాంటావిడ దగ్గర విశాఖ డాక్టరు చెప్పిన మాట దాచాలని కొడుకు గురుప్రసాద్ అనుకున్నాడు. కేన్సర్, లివరుకి పాకింది, ఇక చేసేదేం లేదు. ఇంట్లో మాత్రం దాని పేరు గ్యాస్ట్రిక్. ఇంటర్ సగంలో ఆగిపోయిన మనవరాలు ఫణిశ్రీకి అబద్ధాలాడడంలో మంచి పేరుంది గనక, ఆ గ్యాస్ట్రిక్‌ని నిలబెట్టే పని దానికి అప్పజెప్పారు.

ఆవిడకి ఆ వారమే తెలిసిపోయింది. ఆవకాయ ముట్టుకుంటే కేకలేసే కోడలు తనే నెయ్యి వేసి కలిపి పెట్టింది. టీవీ రిమోట్ కోసం కొట్టుకునే ఫణిశ్రీ అడక్కుండానే ఇచ్చేసింది. ఇంట్లో ఆవిడతో దెబ్బలాడేవాళ్ళే లేరు. ఒకప్పుడు మొగుడు సోమసుందరంగారు పోయే ముందు ఆయనకి అల్సర్ అని చెప్పి, ఆవిడా ఇలాగే వద్దన్నవన్నీ వండి పెట్టింది మరి. పాపం పిల్లలు ఇంత కష్టపడుతున్నారు కదా అని తెలియనట్టే ఉంది. ఉంటూ, పూటకో పిండివంట చేయించుకుంది.

తీరని కోరిక ఒక్కటే. కొయ్యూరు అవతల కొండ ఊరి నుంచి అడ్డాకులు, అల్లం సంతకి తెచ్చే సోమలమ్మ, అరుగు మీద మజ్జిగ తాగినప్పుడల్లా "మా పనస సెట్టు కింద ఓ పూట కూకుందురు గాని, రండమ్మా" అని పిలిచేది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ ఆవిడ దాటేసింది. ఇప్పుడు పనసల కాలం. వెళ్తానంటే గురుప్రసాద్‌ది ఒకటే పాట.

"తగ్గేక వెళ్దువుగానమ్మా."

తగ్గదని నాకు తెలుసురా అంటే వాడు ఏడుస్తాడు. అనకపోతే పనసలు అయిపోతాయి.

చివరికి గురుప్రసాదే దారి చేశాడు, తెలియక. సంతలో సోమలమ్మ కనబడితే గొంతు తగ్గించి, "అమ్మ ఎక్కువ రోజులు ఉండదు, ఓసారి చూసి వెళ్ళు" అన్నాడు. అమ్మకి మాత్రం చెప్పకు అనలేదు. నర్సీపట్నంలో ఆ ముక్క ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు మరి.

సోమలమ్మ తిన్నగా వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"పోతన్నారంట కదమ్మా. ఓపాలి సూద్దారని వచ్చాను."

గురుప్రసాద్ గోడకి అతుక్కుపోయాడు.

"గ్యాస్ట్రిక్," అంది ఫణిశ్రీ, డ్యూటీ మరిచిపోకుండా.

"నువ్వుండవే," అంది వెంకటరత్నమ్మగారు. "ఏటే సోమలమ్మా, మీ ఊల్లో ఇలా మొహమ్మీదే అడిగేస్తారేటి?"

"అడక్కపోతే ఎలాగమ్మా? మా మావ పోయే ముందు ఊరంతా వచ్చి కూకున్నారు. ఎవలికి ఏటి సెప్పాలో సెప్పుకున్నాడు. దింసా ఆట ఆడించుకుని సూసేడు. సెప్పకపోతే ఆ మనిసి పనులెలాగ తెముల్చుకుంటాడు?"

ఆవిడ దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"ఒరే గురూ, తగ్గదని తేలిపోయింది కదా. మరింక ఎప్పుడు వెళ్దాం?"

గురుప్రసాద్ కళ్ళు తుడుచుకున్నాడు. డాక్టరుకి ఫోన్ చేసి, నొప్పి మాత్రలు ఎన్ని వెయ్యొచ్చో అడిగాడు. "రేప్పొద్దున్నే," అన్నాడు.

జీపు ఎక్కుతుంటే కోడలు వెనక నుంచి, "అక్కడ పనసతొనలు అదే పనిగా తినకండి, చెప్తున్నాను" అని కేకేసింది. ఆ కేక వినగానే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

పనస చెట్టు కింద నులక మంచం వేశారు. సోమలమ్మ చేతులకి నూనె రాసుకుని కాయ కోస్తోంది. ఫణిశ్రీ బంక వేళ్ళతో మామ్మ పక్కన చేరింది.

"మామ్మా, నీ గురించి రాస్తున్నాను. యముడు కూడా నీకు చెప్పాకే వీధిలోకి రావాలని మొదలెట్టాను. బాగుందా?"

వెంకటరత్నమ్మగారు నోట్లో తొన నింపాదిగా నమిలింది. గింజ ఉమ్మింది.

"యముడి సంగతి నేను చూసుకుంటాను గానీ, నువ్వు ముందు ఇంటర్ పాసవ్వు."